గిన్నె నా దాకా వచ్చిన ఎండకాలం

మా మందిరంలో గిన్నె ఒక్కటే. వెండిదేం కాదు, స్టీలు గ్లాసు కింద కాడ అతికించినట్టు ఉంటుంది. నెలలో మొదటి ఆదివారం అయ్యగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి, సిలువ మీద కారిన రక్తాన్ని తలచుకుని ప్రార్థన చేసి, ముందు వరసకు అందిస్తారు. అందులో ఉండేది ద్రాక్షరసం. ఒకరు ఒక గుక్క తాగి పక్కవాళ్ళకు, వాళ్ళు తాగి ఆ పక్కవాళ్ళకు ఇస్తారు. పెద్ద చర్చిల్లో తలా ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు పెడతారట. మా అయ్యగారికి ఆ కప్పులు కొనే స్తోమత లేదు, కొనాలన్న ఇష్టమూ లేదు. "ఒక్కటే రక్తం, ఒక్కటే గిన్నె" అంటారు.

ఆ గిన్నె వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాళ్ళకు ఇవ్వరు. గోడకు ఆనుకుని కూర్చునేది చంటిపిల్లలు, కొత్తగా వచ్చినవాళ్ళు, నేను. చంటిపిల్లలు పెరిగారు, కొత్తవాళ్ళు మునిగి ముందుకు జరిగారు. నేను మాత్రం చీర వెనక సున్నం అంటించుకుని ఇంటికి పోతూనే ఉన్నాను.

గిన్నెకూ నాకూ నడుమ అడ్డం మా ఆయన. పేరు రవీందర్. సిరిసిల్లలో ఒక ఆసామి షెడ్డులో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. మనిషి చెడ్డవాడంటే నా నోట్లో పురుగులు పడతాయి. తాగడు, చెయ్యి ఎత్తడు, కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తిని లేస్తాడు. దేవుడి విషయంలోనూ ఏనాడూ కేకలు వేయలేదు.

"ఏసును మొక్కు, నేను వద్దన్ననా? మన కులదేవుడు మార్కండేయుని పక్కకు ఫోటో పెట్టుకో. దేవుళ్ళు దేవుళ్ళు కొట్లాడుకోరు, కొట్లాడేది మనమే. గని గా గిన్నెకు మాత్రం మూతి పెట్టకు. అందరి ఎంగిలి గది" అనేవాడు.

మా ఇంట్లో గ్లాసు ఎవరి పెదవికీ తగలదు. తల పైకెత్తి గొంతులో పోసుకోవడమే. మా అత్తమ్మ రాజవ్వ మూరెడు ఎత్తు నుంచి పోసుకున్నా చుక్క కింద పడనీయదు, అదొక విద్య. మా పుట్టిల్లు కోరుట్ల. అక్కడ ఇంత పట్టింపు లేదు. పెళ్ళైన కొత్తలో నీళ్ళు తాగిన ప్రతిసారీ జాకెట్టు తడుపుకునేదాన్ని. అలాంటి ఇంట్లోంచి పోయి, అంబేద్కర్ నగర్ దుర్గవ్వ తాగిన గిన్నెకు నేను మూతి పెడతానంటే ఊరుకుంటారా? దాని వెనక ఇంకో భయం కూడా ఉంది. మా దగ్గర మనిషి పోతే పాడె మోసేది కులసంఘమే. కోడలు మతం మారిందని వాళ్ళు గడప తొక్కకపోతే ఎట్లా అని మా అత్తమ్మ బెంగ.

దుర్గవ్వా నేనూ ఒకే కార్ఖానాకు బీడీలు చుడతాం. ఎదురెదురుగా కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ లోకంలో ఉన్న మంచీ చెడూ మాట్లాడుకుంటాం. నన్ను మందిరానికి తీసుకుపోయింది ఆమే. నెలనెలా గిన్నెలోకి రసం కాచేదీ ఆమే. ఆ ఏడు శివరాత్రి దాటాక ఆమె కంటికి ఆపరేషన్ అయింది. పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు డాక్టర్లు.

"చెల్లె, ఈ ఎండకాలం రసం నువ్వు కాయాలె" అంది నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి.

"నేనా? అక్కా, నాకు గిన్నె ముట్టేదే లేదు, రసం ఎట్ల కాస్త?"

"వంట చేసినోళ్ళే ముందుగాల తినాల్నని ఏమన్న ఉన్నదా? నీ చెయ్యి శుభ్రం. గంతే."

చెయ్యి శుభ్రం అన్న మాట నాకు చానా రోజులు చెవిలో ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను.

నల్లద్రాక్ష కడిగి, నీళ్ళు పోయకుండా సన్నమంట మీద పగిలేదాకా ఉడికించి, గుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి. నేను మూటను పట్టి పిండబోతే దుర్గక్క నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"పిండకు. పిండితే వగరు దిగుతది. దానంతటదే కారాలె. ఆయన రక్తం ఎవ్వలన్న పిండుకున్నరా? ఆయనే ఇచ్చిండు."

ఆ గుడ్డ తెచ్చింది మా ఆయనే. వడకట్టడానికి కాటన్ ముక్క కావాలంటే, ఎందుకని అడక్కుండా షెడ్డు నుంచి మెత్తటిది ఏరి పట్టుకొచ్చాడు. ఎందుకో తెలిశాక కూడా వెనక్కి అడగలేదు. మూట నుంచి చుక్క చుక్క కింద తపేలాలో పడుతుంటే మా బిడ్డ ప్రవళిక గరిటె నాకి, "మమ్మీ, సూపర్" అంది. నేను మాత్రం వేలికి అంటినదాన్ని కూడా కడిగేసుకున్నాను. రుచి చూడొద్దని ఎవరూ అనలేదు. ప్రార్థన కాకముందు అది ఉత్త రసమేనని అయ్యగారే చెప్పారు. కానీ నా తొలి చుక్క అందరి నడుమ కూర్చుని, పక్కవాళ్ళ చేతి నుంచి అందుకోవాలని నా ఆశ. గరిటె నుంచి కాదు.

అయ్యగారిని అడిగి చూశాను. ఆయనది జగిత్యాల దగ్గర సారంగాపూర్. గల్ఫ్‌లో తాపీపని చేసి వచ్చిన మనిషి. పుట్టినప్పటి పేరు లింగన్న, ఇప్పుడు యోహాను. చేతులు ఇప్పటికీ మేస్త్రీ చేతుల్లానే బిరుసుగా ఉంటాయి.

"ఆయనకు చెప్పకుంట ముంచుండ్రి అయ్యగారూ. తర్వాత నేను చూసుకుంట."

"అట్ల వద్దమ్మా. దొంగతనంగ తెచ్చుకునేది కాదు ఇది. రేపు ఎవ్వలన్న బలిమికి ముంచిండ్రంటే నాకు జవాబు లేదు, నీ సంసారం చెడితే దేవుని ముందల కూడ లేదు. ఇంటాయన ఒడ్డు మీద నిలబడి నాకు సమ్మతమే అని ఒక్కమాట అనాలె. గా పొద్దే ముంచుత."

ఆ ఒక్కమాట కోసం ఆ ఎండకాలమంతా నేను పడని పాటు లేదు. ఆయనకిష్టమని సర్వపిండి చేసేదాన్ని. మాట అటు తిప్పి ఇటు తిప్పి నీళ్ళ దగ్గరికి తెచ్చేదాన్ని. ఆయన సర్వపిండి తినేవాడు, మాట దగ్గర మాత్రం నీళ్ళు నమిలేవాడు.

ఈస్టర్ ఆ ఏడు నెల మొదటి ఆదివారమే వచ్చింది. పండుగకు ఎక్కువమంది వస్తారని రసం ఎక్కువ కాచాను. శనివారం పొద్దున స్టీలు చెంబులో పోసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పైన పెట్టి, బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లో పెద్ద గోల.

ఆ పొద్దు కరెంటు పోయి షెడ్డు రేకుల కింద ఉడికిపోయి, మా ఆయన మధ్యాహ్నం వేళ ఇంటికి వచ్చాడట. ఫ్రిజ్ తెరిచాడు. చల్లగా, ఎర్రగా, తియ్యటి వాసన. బిడ్డ కోసం చేసిన షర్బత్ అనుకున్నాడు. ఎత్తి పోసుకునే ఓపిక కూడా లేదట, చెంబుకు మూతి పెట్టి గటగటా తాగేశాడు. సగం అయ్యాక అత్తమ్మ చూసింది.

"ఓరి నా కొడుకా! గది షర్బత్ కాదురా! గది వాళ్ళ రక్తంరా!"

నేను లోపలికి అడుగుపెట్టేసరికి మా ఆయన చెంబు పట్టుకుని దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు. మీసాల మీద, పెదవుల మీద ఊదారంగు. అత్తమ్మ పసుపునీళ్ళు కలిపి తల మీద, భుజాల మీద చల్లుతోంది. ప్రవళిక తలుపు చాటున నోరు మూసుకుని నవ్వుతోంది.

"ఏమే, జర చెప్పచ్చు గదనే!" అన్నాడు నా మీదికి.

"ఏమని చెప్పాలె? మూతి పెట్టి తాగకుమనా? గా పాఠం నాకు చెప్పేది నువ్వే గద."

నాకూ నవ్వు ఆగలేదు. ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వాను. అప్పుడు అత్తమ్మ పసుపునీళ్ళ గిన్నె కింద పెట్టి, అక్కడే నేల మీద కూలబడింది.

"నవ్వు పిల్లా, నవ్వు. నీకు నవ్వులాటనే. నా పెనిమిటి పోతే కులసంఘపోళ్ళు వచ్చి మోసిండ్రు. రేపు నేను సత్తె ఎవ్వలు మోస్తరు? నువ్వు, నీ దుర్గవ్వ మోస్తరా? కోడలు పాయె, ఇప్పుడు కొడుకు కూడ తాగిండు అంటే ఎవ్వలు వస్తరు నా కాడికి?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ముసలామె కళ్ళు నిజంగానే నిండి ఉన్నాయి. నేను కూడా పక్కన కూర్చుని, "అత్తమ్మా, ప్రార్థన కాలేదు, అది ఉత్త రసమే. నీ కొడుక్కు ఏం కాలేదు" అని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో గానీ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. మా ఆయన సబ్బుతో మూతి కడుక్కున్నాడు. ఆ రంగు అంత తొందరగా పోలేదు.

సాయంత్రం దుర్గక్క దగ్గరికి చెంబు పట్టుకుని పోయి జరిగింది చెప్పాను. మళ్ళీ కాద్దామంటే ఆ వేళకు బజారులో మంచి ద్రాక్ష అయిపోయింది, మిగిలినవి పులుపెక్కాయి.

"సగమే మిగిలింది అక్కా. గది కూడ ఆయన ఎంగిలి. ఎట్ల?"

దుర్గక్క చెంబులోకి తొంగి చూసి, కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. "ఎంగిలి గిన్నెలకు ఎంగిలి రసమే పోస్తున్నమని బాధపడుతున్నవా? నీళ్ళు కలుపకు చెల్లె. తలా ఒక చుక్కనన్న వస్తది. గట్లనన్న నీ మొగడు మా నడుమకు వచ్చిండు, రానీ."

ఆదివారం గిన్నె వరస వెంట వరస వెనక్కి వచ్చింది. ఒక్కొక్కరు కళ్ళు మూసుకుని, పెదవి తడుపుకుని పక్కకు ఇస్తున్నారు. నాకు మందిరంలో ఎన్నడూ రాని ఆలోచన వచ్చింది. వద్దు వద్దన్న మనిషి ఎంగిలి ఇవాళ అందరి నోట్లోకీ పోతోంది, నా నోట్లోకి తప్ప. మొగుడు లోపల, నేను బయట. గిన్నె నా ముందు వరసలో ఖాళీ అయింది.

ఆ తర్వాత మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. ఒక పొద్దున నేను బీడీ ఆకు తడిపి గుడ్డలో చుడుతుంటే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అత్తమ్మ మార్కండేయ గుడికి పోయింది.

"నిజంగ రక్తమేనా గది?"

"ద్రాక్షరసం. నేనే గద కాసింది."

"మరి రక్తం అంటరేంది?"

నాకు తెలిసినంత చెప్పాను. "పోచమ్మకు యాటను ఎందుకు కోస్తం? ఇంటి మీదికి వచ్చేది దాని మీదికి పోవాలెనని. ఏడాదికోసారి మల్ల కోస్తం, మల్ల కోస్తం. ఏసయ్య నేనే పోత, ఇగ ఎవ్వల్ని కోయకుండ్రి అన్నడు. ఆయన పోయే ముందటి పూట తనోళ్ళను కూసోవెట్టుకొని గిన్నె ఇచ్చి, గిది నా రక్తం అనుకొని అందరు తాగుండ్రి, నన్ను యాది చేసుకోండ్రి అన్నడు. గందుకే."

"గది అయ్యగారు చెప్పింది" అన్నాడు. మా ఆయన తక్కువ మాట్లాడతాడు గానీ తెలివి తక్కువవాడు కాదు. "నీకేంది? ఏసును మొక్కుతున్నవ్, పాటలు పాడుతున్నవ్. గా గిన్నె మీదనే ఎందుకు నీ పాణం?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తడి ఆకు పక్కన పెట్టాను.

ప్రవళిక తర్వాత నాకు కడుపు నిలవలేదు. రెండుసార్లు పోయింది. ఆ తర్వాత రక్తం పోవడం మొదలై ఆగలేదు. గర్భసంచి తీసేసేదాకా రెండేళ్ళు అట్లానే ఉన్నాను. ఆ రెండేళ్ళూ పొయ్యి ముట్టలేదు, దేవుడి గూటి వైపు పోలేదు. అత్తమ్మ చెడ్డతనంతో చేసింది కాదు, ఆమెకు తెలిసిన పద్ధతి అది. నా పళ్ళెం వేరు, నా చాప వేరు. నేను వస్తుంటే పిల్ల పక్కకు జరిగేది, జరగమని ఎవరూ చెప్పకుండానే. ఆ రోజుల్లో నా పక్కన తగిలేలా కూర్చుని బీడీలు చుట్టింది దుర్గవ్వ ఒక్కతే. కూర్చుని ఒక కథ చెప్పింది. ఏళ్ళ తరబడి రక్తం పోతున్న ఒక ఆడమనిషి, ఎవరూ అంటుకోని మనిషి, గుంపులో వెనక నుంచి వచ్చి ఏసు బట్ట అంచు పట్టుకుందట. నన్ను ఎవరు ముట్టారని ఆయన అడిగాడట. ఆమె వణికిపోతూ ముందుకు వచ్చింది.

"ఆయన చెయ్యి కడుక్కోలే. అంటు అనలే. అందరి ముందట బిడ్డా అన్నడు" అని మా ఆయనకు చెప్పాను. "పెద్దమనిషినైన కాడికెళ్ళి నా రక్తమంటే అందరికి అంటు. నేను పోయిన జాగ కడుగుడు, నేను కూసున్న జాగ కడుగుడు. గాయన రక్తమేమో కడుగుతదంటున్నరు. కడుక్కోవాల్సిన రక్తం కాదు, కడిగే రక్తం. గసొంటిది ఒకటున్నదని నాకెవ్వలు చెప్పలే. గది నా లోపటికి పోవాలె. నాకు గంతే కావాలె."

ఆయన నేను పక్కన పెట్టిన తడి ఆకును గుడ్డలో చుట్టసాగాడు. నేనే మళ్ళీ అన్నాను.

"గప్పుడు మీ అమ్మ గుడికి పోయిన పొద్దల్ల నా బట్టలు నువ్వు పిండినవ్. నాకు లేశే శాతగాకపోతే నువ్వే బకెట్ల నానవెట్టి, పిండి, మిద్దె మీద ఆరేసినవ్. నీకు అంటు అనిపియ్యలేదా?"

"నీది గదనే" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు కాసేపు ఏమీ కనబడలేదు. కళ్ళు తుడుచుకుని, "ఏసయ్యకు నేను కూడ గట్లనే" అన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకుని షెడ్డుకు పోయాడు. సమ్మతమేనని మాత్రం అనలేదు.

ఆ నెలాఖరుకు షెడ్డే మూతపడింది. మా ఆసామికి ఆర్డర్ రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని చూసి చూసి సాంచాలకు తాళం వేశాడు. ఇంట్లో కూర్చున్న మగవాడంత బరువు ఇంకోటి లేదు. ఆయన రోజూ పొద్దున అలవాటుగా తయారై, గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాడు. సాంచాల చప్పుడు లేని మా వాడలో పిచ్చుకలు అరవడం వినిపించేది. నేను నీళ్ళ మాట, గిన్నె మాట ఎత్తడం మానేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎందుకు?

"భీవండి పోతున్న" అన్నాడు ఒకరోజు అన్నం కలుపుతూ. "మన షెడ్డుల పని చేసిన రాజ్‌కుమార్ ఆడనే ఉన్నడు. సాంచాలు నడుస్తున్నయట."

"ఎప్పుడొస్తవ్?"

"పోకముందే వచ్చుడు అడుగుతున్నవేందే" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

బస్టాండుకు నేనూ ప్రవళికా పోయాం. అత్తమ్మ ఇంట్లోనే కొడుకు నుదుట బొట్టు పెట్టి పంపింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి అందుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నలుగురి ముందు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఏమన్నా చెప్తాడేమో అనుకున్నాను. "అమ్మ బీపీ గోలీ మర్శిపోతది. యాదిచెయ్" అన్నాడు. బస్సు పోయింది. ఇంటికి వచ్చి ఆయన విడిచిన లుంగీ ఉతకబుద్ధి కాక దండెం మీద అట్లానే ఉంచాను.

మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆయన సమ్మతి కోసం ఎదురుచూశాను. పోయాక ఫోన్ కోసం చూడటం మొదలైంది. సాంచాల చప్పుడులో మాట సరిగా వినపడదు. తిన్నవా అంటే తిన్న, పడుకున్నవా అంటే పడుకున్న, అంతే. మే నెల ఎండలు మండుతుండగా ఒక మధ్యాహ్నం మాత్రం చప్పుడు లేని చోటు నుంచి చేశాడు.

"వాణీ, ఈడ షెడ్డుల అందరికి ఒక్కటే లోటా."

"అయితే?"

"కుండ మీద ఉంటది. బీహారోళ్ళు, యూపీలోళ్ళు, మనోళ్ళు, అందరు దాన్నే మూతి పెట్టి తాగుతరు. మొదటి పొద్దు నేను పట్టు పట్టిన. నాలుక పిడచ కట్టుకపోయింది. రెండో పొద్దు తాగిన."

"ఏమైంది?"

"ఏమైతది? దూప తీరింది." ఆయన ఊపిరి వినపడుతోంది. "మీ అయ్యగారు ఎప్పుడు ముంచుతడట? నాకు ఫోన్ కలుపు. వీడియోల చూసుకుంట మాట్లాడుత."

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. బీడీల చాట ఒళ్ళోంచి జారి జరదా అంతా నేల మీద పోసుకున్నానని ప్రవళిక తర్వాత చెప్పింది.

అత్తమ్మకు ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు గుటకలు మింగాను. చెప్తే, "వాడు చెప్పిండా?" అని అడిగింది. చెప్పాడన్నాను. "నేను రాను" అంది. నేను రమ్మనలేదు. కాసేపయ్యాక, "తడిబట్టలతోని బజార్ల పడి రాకు. ఇంకో చీర పట్టుకపో" అంది.

శనివారం పొద్దున మానేరు వెనకనీళ్ళ దగ్గరికి రెండు ఆటోల్లో పోయాం. డ్యాం కట్టాక మునిగిన ఊళ్ళ మీద నిలిచిన నీళ్ళవి. ఎండకాలం కాబట్టి వెనక్కి తగ్గి, ఒడ్డున బురద పగుళ్ళిచ్చి ఉంది. మందిరం వాళ్ళు పాట అందుకున్నారు. అయ్యగారు ప్యాంటు మడిచి, చొక్కా చేతులు మడిచి, నడుము లోతుకు దిగారు. నేను తెల్లచీర కట్టుకుని మోకాళ్ళ లోతులో ఆగిపోయాను. ప్రవళిక ఒడ్డున నిలబడి ఫోన్ మా వైపు పట్టింది.

తెరలో మా ఆయన కనబడ్డాడు. గడ్డం మాసి, ముఖం చిక్కి ఉంది. వెనక సాంచాలు దబదబా కొట్టుకుంటున్నాయి. అయ్యగారు గట్టిగా అడిగారు.

"రవీందర్, నీ భార్య బాప్తిస్మం తీసుకునుడు నీకు సమ్మతమేనా?"

"ఆ? ఏమంటున్నరు?"

"సమ్మతమేనా?"

ఆయన ఫోన్ దగ్గరికి ముఖం పెట్టాడు. తెర నిండా ఆయన కళ్ళే. నీళ్ళను చూస్తున్నాడో నన్ను చూస్తున్నాడో తెలియలేదు.

"అయ్యగారూ, లోతెంతున్నది గక్కడ? ఆమెకు నీళ్ళంటే బుగులు. ఈత రాదు. జర గట్టిగ పట్టుకోండ్రి."

పాట పాడేవాళ్ళు ఆపేశారు. అయ్యగారు "పట్టుకుంట" అని తన మేస్త్రీ చేతులు నా వైపు చాచారు. నేను నడిచి వెళ్ళాను. నీళ్ళు తలమీద మూసుకున్నప్పుడు చెవుల్లో సాంచాల చప్పుడే ఉంది. పైకి లేచి, ముఖం తుడుచుకుని చూస్తే ప్రవళిక ఫోన్ దించి ఉంది. "సిగ్నల్ పోయింది మమ్మీ. నువ్వు లేచింది చూసిండో లేదో" అంది.

జూన్ మొదటి ఆదివారం గోడ దగ్గర కాక, వరసలో దుర్గక్క పక్కన కూర్చున్నాను. తొలకరి వానకు మందిరం రేకులు మోగుతున్నాయి. రొట్టె ముక్క నోట్లో కరిగింది. గిన్నె చేతులు మారుతూ వస్తుంటే నా గుండె కొట్టుకున్నంత పెళ్ళినాడు కూడా కొట్టుకోలేదు. దుర్గక్క తాగి, తడి పెదవులతో నా వైపు తిరిగి, "తీసుకో చెల్లె" అంది. రెండు చేతులా పట్టుకుని మూతి పెట్టాను. తియ్యగా, కాస్త వగరుగా గొంతులోకి దిగింది. ఎన్నేళ్ళుగానో లోపల ముడుచుకుని కూర్చున్నదేదో లేచి నిలబడినట్టయింది. నాది ఇక అంటు రక్తం కాదు. ఏడ్చాను, దాచుకోలేదు.

పక్కామెకు గిన్నె అందించి కళ్ళు తెరిచాను. మగవాళ్ళ వైపు చాపలు సగానికి సగం ఖాళీగా ఉన్నాయి. మా వాడ మగవాళ్ళు చాలామంది ఆ ఎండకాలమే బస్సులెక్కారు. నేను కోరుకున్నది నా లోపల ఉంది, దాన్ని ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి ఎదురుగా లేడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు మనవులు చెప్పమన్నారు. ఒకరు కొడుకు వీసా అన్నారు, ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు. నా వంతు వచ్చింది.

"నీ మనవి తీరింది గదమ్మా" అన్నారు నవ్వుతూ. "ఇగ దేని కోసం ప్రార్థన చేద్దాం?"

"మా ఆయన రావాలె అయ్యగారూ."

"ఆమెన్. రక్షణలకు రావాలె, అంతే గదా?"

"గది తర్వాత చూద్దాం. ముందుగాల ఇంటికి రానీండ్రి" అన్నాను.